పలుగు దుమ్ము

జడ్చర్లలో రాత్రి పదకొండు.
కరెంటు పోయి గంట.
ఇన్వర్టర్ మీద బతుకుతున్న లాప్‌టాప్‌లో
పది లక్షల కాంతి రేణువుల్ని
ఒక్కొక్కటిగా వదులుతున్నాను.

నడుమ కృష్ణబిలం. కోటి సూర్యుళ్ల బరువు.
ఆకలి మీదుంది, అందుకే చుట్టూ మంట.
మంట చుట్టూ దుమ్ము,
నీళ్లకుండ కింద నెత్తిన పెట్టుకునే
చుట్టబట్టలాగా, లావుగా, నడిమి బొక్కతో.

అడుగడుక్కీ పాచిక:
ఈ రేణువు ఎంత దూరం పోవాలె, దేనికి తగలాలె,
తగిలితే పక్కకు తప్పుకోవాలా, ఇంకిపోవాలా.
ఇంకినది మళ్లీ బయటికొస్తుంది,
మొహం మార్చుకుని, కంటికి ఆనని ఎరుపులో.

ఫైల్లో ఒక వరుస ఉంటుంది, దుమ్ము దేనితో అయిందని.
సిలికేట్ యాభైమూడు పాళ్లు, గ్రాఫైట్ నలభైయేడు.
నాకంటే ముందువాళ్లు తేల్చిన పాళ్లు. నేను మార్చను.
ఆ మొదటి మాట కొడుతుంటే
పక్కగదిలో దగ్గు.

మా చిన్నబాపు కుర్మయ్య
ఏడేండ్లు పలుగురాయి మిల్లుల చేసిండు.
తెల్లరాయి లోపలికి, తెల్లపిండి బయటికి.
పొద్దుగూకి ఇంటికొస్తే కనుబొమ్మలు నెరిసి ఉండేవి,
బోరింగు కాడ కడుక్కుంటే మళ్లీ పడుచోడు.
మూతికి తువ్వాల. రోజుకో బెల్లంగడ్డ ఇచ్చేటోళ్లు
గొంతుల దుమ్ము జారుతదని.
ఆ బెల్లం సగం నేనే తిన్న.

"ఏం జేస్తున్నవ్ బిడ్డా?"
"దుమ్ము లెక్క."
"ఏడిది?"
చెప్పాను. ఆ వెలుగు బయల్దేరిననాడు
ఇక్కడ జడ్చర్ల లేదు, మనిషి లేడు, దగ్గు లేదు.
కాసేపు ఊకున్నడు.
"గంత దూరంల ఎవలు దంచుతున్నరే?"

ఎవరూ దంచరు బాపూ.
ముసలి నక్షత్రాలు పొరలు పొరలుగా ఊడిపోతయి,
అవి దగ్గి దగ్గి వదిలిందే ఆ దుమ్మంతా.
నవ్విండు. నవ్వు దగ్గయింది.
మంచినీళ్ల చెంబు పట్టుకుని నిలబడ్డ.

పైనుంచి చూస్తే నడిమి మంట కనబడుతుంది.
పక్కనుంచి చూస్తే అక్కడేం లేనట్టే.
వస్తువు ఒక్కటే, మనం నిలబడ్డ చోటే వేరు.
ఆ ఏడేండ్లలో ఒక్కసారి ఇన్‌స్పెక్టరు వచ్చిండట,
ఆఫీసు గది కిటికీలోంచి చూసి
చాయ తాగి పోయిండట.

పది మైక్రాన్ల దగ్గర నా గీత గుంటపడుతుంది.
సిలికేట్‌కు ఆనవాలు అదే, ఒక లోటు.
పాలమూరు పెద్దాసుపత్రిలో
ఎక్స్‌రేను కిటికీకి ఆనించి పట్టుకున్న డాక్టరు
తెల్లచుక్కల్ని చూసి టీబీ అన్నడు.
తొమ్మిది నెలలు గోలీలు.
చుక్కలు కదల్లే.

నడిమి మంట ఒక్కసారి ఎగిసిందనుకో,
దుమ్ము వెంటనే పలకదు.
వెలుగు అక్కడిదాకా నడవాలి, దుమ్ము కాగాలి,
నెలలు పడతయి, ఒక్కోసారి ఏండ్లు.
ఆ ఆలస్యాన్ని పట్టుకునే
దుమ్ము ఎంత దూరంల ఉందో కొలుస్తం.

మిల్లు మూతపడ్డది. మర పాత ఇనుము కింద పోయింది.
షెడ్డు రేకులు ఎవరో కోళ్లఫారానికి కొనుక్కపోయిన్రు.
పదకొండేండ్లకు దుమ్ము పలికింది.
మొదట ఊశన్న. ఆ ఎండాకాలమే చెన్నకేశులు.
సేవ్యా నాయక్ తండాలనే పోయిండని
ఆర్నెల్లకు తెలిసింది.

బిలానికి మరీ దగ్గరైతే దుమ్ము నిలవదు, ఆవిరైపోతుంది.
ఆ అంచు ఎక్కడో చెప్పే సూత్రం నా దగ్గరుంది.
ఊపిరితిత్తిలో అట్లాంటి అంచు లేదు.
పడ్డ పలుగు పలుగులాగే ఉంటుంది,
మనిషి పోయినంక కూడా.

ఫ్యాను తిరిగింది. కరెంటొచ్చినట్టుంది.
"అయిందా లెక్క?"
"ఇంకెక్కడిది. మూడు లక్షల రేణువులు
ఇంకా లోపల్నే తిరుగుతున్నయి."
"రానియ్యి బిడ్డా బయటికి," అన్నడు
గోడవైపు ఒత్తిగిలుతూ,
"అండ్ల ఊపిరాడదు."